కొత్త కబోర్డుల వాసన: ఫార్మాల్డిహైడ్ గురించి పాఠకుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

ఎండలు ముదిరిన దగ్గర నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో కొత్త ఇళ్లు, కొత్త కబోర్డులు, వాటి నుంచి వచ్చే వాసన గురించిన ప్రశ్నలు ఎక్కువయ్యాయి. విషయం ఒక్కటే కనుక ఈ సంచికలో వాటినే తీసుకుంటున్నాము. కొందరు కోరినందున ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేము మాఘమాసంలో కొత్త ఫ్లాటులో గృహప్రవేశం చేశాము. ముహూర్తానికి రెండు రోజుల ముందు వరకు కబోర్డుల పని జరుగుతూనే ఉంది. పిల్లల గదిలో గోడ పొడవునా వార్డ్‌రోబు, చదువుకునే బల్ల, మంచం అన్నీ ఎం.డి.ఎఫ్. బోర్డుతోనే చేయించాము. అప్పట్లో కొద్దిగా ఘాటు వాసన ఉంటే కొత్త ఇంటి వాసనే కదా అనుకున్నాము. మూడు నెలలు దాటింది. ఏసీ వేసుకుని పడుకుంటున్న మా ఆరేళ్ల అబ్బాయి తెల్లవారుజామున దగ్గుతూ లేస్తున్నాడు, కళ్లు ఎర్రబడుతున్నాయి. మొన్న తెనాలిలో మా అమ్మగారింట్లో ఉన్న నాలుగు రోజులూ దగ్గు రాలేదు. ఈ బోర్డుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుందని, దానివల్ల క్యాన్సరు వస్తుందని మా పక్కింటివారు అంటున్నారు. ఇదంతా తీసి పారేయాలా? (ఒక గృహిణి, పటమట, విజయవాడ)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో వైద్యునికి అన్నిటికంటే పనికివచ్చే మాట తెనాలిలో నాలుగు రోజులూ దగ్గు రాలేదన్నది. ఇంటికి దూరంగా ఉన్నప్పుడు తగ్గి, తిరిగివచ్చి తలుపులు మూసిన అదే గదిలో పడుకోగానే తిరగబెట్టే దగ్గుకు కారణాన్ని ముందు ఆ గదిలోనే వెతకాలి. అది ఫార్మాల్డిహైడ్ కావచ్చు, పరుపులో చేరిన దుమ్ము పురుగులు కావచ్చు, ఏసీ జాలీలో పేరుకున్న బూజు కావచ్చు. కనుక బాబును ఒకసారి పిల్లల వైద్యునికి చూపించి, ఉబ్బసం లక్షణాలు ఉన్నాయేమో తేల్చుకోండి. గదిలో గాలిని బాగుచేసుకోవడం మందుకు తోడుగా సాగాలి గాని, మందు మానేసి చేయవలసిన పని కాదు.

ఫార్మాల్డిహైడ్ రంగులేని వాయువు. దానిని నీటిలో సుమారు 37 శాతం దాకా కరిగిస్తే వచ్చేదే ఫార్మాలిన్. వైద్యవిద్య చదివినవారికి మొదటి సంవత్సరం శవచ్ఛేదన హాలు గుర్తుండేది ఈ వాసనతోనే. తలుపు తీయగానే కళ్లలో నీళ్లు తిరిగేవి, ముక్కు భగ్గుమనేది. గంట గడిచేసరికి మాత్రం ఆ వాసన ఉన్నట్టే తెలిసేది కాదు. హాలులో వాయువు తగ్గి కాదు, మా ముక్కులు అలవాటుపడిపోయి. మీ ఇంట్లో మొదటి నెలలో తెలిసిన వాసన ఇప్పుడు తెలియకపోవడానికి కొంతవరకు ఇదే కారణం కావచ్చు. అందువల్ల ముక్కును నమ్ముకుని గాలి బాగుందని నిర్ణయించుకోకండి. బయటినుంచి వచ్చిన చుట్టాలు గుమ్మంలో అడుగుపెట్టగానే ఏమన్నారో అది వినండి.

ఎం.డి.ఎఫ్. అంటే కలపను నారగా చీల్చి, జిగురు కలిపి, వేడిమీద గట్టిగా ఒత్తి చేసిన పలక. పార్టికల్ బోర్డులో నారకు బదులు చెక్క తునకలు ఉంటాయి. ప్లైవుడ్‌లో పలుచని చెక్క పొరలను ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చి అతికిస్తారు. వీటన్నిటిలోనూ చవకగా దొరికే జిగురు యూరియా ఫార్మాల్డిహైడ్. తయారీలో జిగురుతో కలవకుండా మిగిలిపోయిన వాయువు మొదటి వారాలలో, నెలలలో ఎక్కువగా బయటపడి, క్రమంగా తగ్గుతుంది. అయితే కథ అక్కడితో ముగియదు. ఈ జిగురు తేమకూ వేడికీ ఓర్చుకోలేదు. గాలిలోని తేమ తగిలినకొద్దీ మెల్లమెల్లగా విడిపోతూ, విడిపోయిన మేరకు ఫార్మాల్డిహైడ్‌ను మళ్లీ వదులుతూనే ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే బోర్డు వదిలే వాయువు రెండింతలో, అంతకంటే ఎక్కువో అవుతుంది. మాఘమాసపు చలిలో ఊరుకున్న బోర్డు, రోళ్లు పగిలే రోహిణి కార్తెకు దగ్గరపడేసరికి ఎందుకు విజృంభిస్తుందో మీరే ఊహించుకోవచ్చు. పగలంతా తలుపులు బిగించిన గదిలో వేడికి వాయువు పోగుపడుతుంది. రాత్రి ఆ గదిలోనే ఏసీ వేస్తాము. ఇళ్లలో వాడే స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తీసుకురాదు. అంటే మీ బాబు పీల్చేది చల్లబడిన పాత గాలి.

మనవంటి ఉక్కపోత వాతావరణంలో ఇది ఎంతవరకు పోగలదో అమెరికాలో ఒకసారి స్పష్టంగా తెలిసివచ్చింది. 2005లో కత్రినా తుపాను తరువాత లూసియానా, మిసిసిపీ రాష్ట్రాలలో ఇళ్లు పోయినవారికి ప్రభుత్వం చక్రాల మీద నడిచే చిన్న ఇళ్లు ఇచ్చింది. లోపల అంతా పలక సామానే, గాలి ఆడే చోటు తక్కువ. కళ్ల మంటలు, దగ్గు, ముక్కునుంచి రక్తం అంటూ ఫిర్యాదులు వచ్చాక, 2007 డిసెంబరు, 2008 జనవరి నెలలలో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 519 ఇళ్లలో గాలిని పరీక్షించింది. సగటున వందకోట్ల పాళ్లలో 77 పాళ్లు, అత్యధికంగా 590 పాళ్లు ఫార్మాల్డిహైడ్ కనిపించింది. అది చలికాలపు కొలత. వేసవి వస్తే ఇంకా పెరుగుతుందని, ఎండలు రాకముందే జనాన్ని వేరే ఇళ్లకు మార్చాలని ఆ కేంద్రమే సూచించింది. పోల్చి చూసుకోవడానికి ఒక మాట: ఇంటి గాలిలో ఫార్మాల్డిహైడ్ ఏ అరగంట సగటు తీసుకున్నా ఘనపు మీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. అది వందకోట్ల పాళ్లలో సుమారు 80 పాళ్లతో సమానం.

ఇక క్యాన్సరు సంగతి. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు వెనుక, గొంతు పైభాగంలో వచ్చే క్యాన్సరుకు అప్పుడు ఆధారాలు కుదిరాయి. 2009లో ఒక రకం రక్త క్యాన్సరును కూడా చేర్చారు. ఈ ఆధారాలలో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి కర్మాగారాలలో పనిచేసినవారి నుంచి, శవాలను భద్రపరిచే వృత్తిలోనివారి నుంచి వచ్చినవి. మూడు నెలలు ఒక గదిలో పడుకున్న పిల్లవాని విషయంలో ఆ భయంతో మీరు నిద్ర పోగొట్టుకోవలసిన అవసరం లేదు. పైన చెప్పిన పరిమితిలోపు ఉంటే దీర్ఘకాలపు హాని నుంచి కూడా రక్షణ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ భావించింది. ఇప్పుడు మీరు పట్టించుకోవలసింది కళ్ల మంట, దగ్గు, పిల్లికూతలు. పిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దలకంటే ఎక్కువ గాలి పీలుస్తారు కనుక వారిలోనే ఇవి ముందు బయటపడతాయి. రక్తపరీక్ష చేయించమని ఎవరైనా చెబితే డబ్బు వృథా చేసుకోకండి. మన శరీరం కూడా సహజంగా కొద్దిపాటి ఫార్మాల్డిహైడ్‌ను తయారుచేస్తూ, ఒకటి రెండు నిమిషాలలో దానిని విరగగొడుతూ ఉంటుంది. ఇంటి గాలి ఎలా ఉన్నదో రక్తం చెప్పలేదు.

సామాను తీసి పారేయవద్దు. మొదట బాబును కొన్నాళ్లు కబోర్డులు తక్కువ ఉన్న గదిలో, హాలులోనైనా సరే, పడుకోబెట్టండి. రోజూ ఉదయం చల్లబాటున, మళ్లీ పొద్దుగూకాక ఎదురెదురు కిటికీలు తెరిచి, వార్డ్‌రోబు తలుపులు బార్లా తీసి, సొరుగులు బయటికి లాగి, ఫ్యాను వేసి అరగంటైనా ఉంచండి. ఏసీ వేసే ముందు ఈ పని తప్పనిసరి. పడుకున్నాక కూడా కిటికీ రెక్క ఒక్క అంగుళం తెరిచి ఉంచితే కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుందేమో గాని గాలి మారుతుంది.

రెండవ పని నా అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం గుంటూరులో మా ఇంటికి టీవీ బల్ల, పుస్తకాల అర చేయించాము. ముందు నుంచి చూస్తే నిగనిగలాడే లామినేటు, అంచులకు చక్కని పట్టీ. రెండు నెలలైనా ఆ గదిలో కూర్చుంటే నా భార్యకు కళ్లు మండేవి. ఒకరోజు సొరుగును పూర్తిగా లాగి బోర్లించి చూస్తే అడుగు పలక గోనెరంగులో, ఏ పూతా లేకుండా ఉన్నది. బల్లను గోడ నుంచి జరిపితే వెనుక పలక కూడా అంతే. వైర్ల కోసం కోసిన రంధ్రాల అంచులు, కీళ్లు బిగించిన గుంటలు అన్నీ పచ్చిగానే ఉన్నాయి. మేస్త్రిని పిలిచి అడిగితే, "గోడ వైపు ఎవరు చూస్తారు సార్" అన్నాడు. చూసేది కన్ను గాని పీల్చేది ముక్కు కదా! లామినేటు వేసిన ముఖం నుంచి వాయువు చాలా తక్కువగా వస్తుంది. కోసిన అంచు, పూతలేని వెనుక భాగం నుంచే ఎక్కువగా వస్తుంది. ఆ పచ్చి భాగాలన్నిటికీ అంచు పట్టీ గాని, రెండు పూతల పాలియురెథేన్ వార్నిషు గాని వేయించాక మా ఇంట్లో ఆ మంట తగ్గింది. మీరు కూడా ఒక సొరుగు బోర్లించి చూడండి. పచ్చిగా కనిపిస్తే పూత వేయించండి, పూత ఆరి దాని వాసన పోయేదాకా మాత్రం బాబును తెనాలిలోనే ఉంచండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. కింది కబోర్డులు ఉబ్బిపోయినా, మళ్లీ చేయించే స్తోమత లేక ఎండబెట్టి వాడుకుంటున్నాము. వంటగదిలోకి వెళితే ఇప్పటికీ తుమ్ములు వస్తున్నాయి. వాటికి రంగు వేయిస్తే సరిపోతుందా? (ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: ఖర్చు గురించి మీ బాధ నాకు అర్థమవుతోంది. అయినా ఈ విషయంలో మెత్తగా చెప్పలేను: ఉబ్బిన పార్టికల్ బోర్డును, ఎం.డి.ఎఫ్.ను ఇంట్లో ఉంచవద్దు. పలక అడుగు అంచును బొటనవేలి గోటితో నొక్కి చూడండి. టీలో నానిన రస్కులా పొడిపొడిగా రాలితే దానిలోని జిగురు విడిపోయిందని గుర్తు. విడిపోయిన జిగురు ఫార్మాల్డిహైడ్‌ను వదులుతుంది. లోపలి పొరల్లో పట్టిన బూజు దానికి తోడవుతుంది. మీ తుమ్ములకు ఈ రెండింటిలో ఏది ఎంత కారణమో విడదీయడం కష్టం, విడదీసే అవసరం కూడా లేదు, ఎందుకంటే రెండింటికీ విరుగుడు ఒక్కటే. పైన రంగు వేస్తే బూజు లోపలే పెరుగుతుంది, మెత్తబడిన పలక మీద రంగు నిలవదు.

అసలు చెక్కతో చేసిన తలుపులు, చట్రాలు ఉంటే అవి పారేయనక్కరలేదు. బాగా కడిగి, నీడపట్టున ఆరబెట్టి వాడుకోవచ్చు. కింది అరలకు బదులు కడప రాతి పలకలు వేయించి, ముందు తెర కట్టుకోవడం చవకైన మార్గం, వరదకు చెడదు కూడా. ఇంకొక్క మాట: తీసేసిన ముక్కలను నీళ్లు కాగబెట్టుకోవడానికి పొయ్యిలో పెట్టకండి. కాలే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్‌తో పాటు ఘాటైన ఇతర వాయువులూ వస్తాయి, ఆ పొయ్యి దగ్గర కూర్చునేది సాధారణంగా ఇంట్లోని పెద్దావిడే.

ప్రశ్న: శ్రావణమాసంలో గృహప్రవేశం అనుకుంటున్నాము. కబోర్డులకు "వాటర్‌ప్రూఫ్ ప్లై" వేస్తానని మేస్త్రి అంటున్నాడు; ఇంటీరియర్ సంస్థవారు "ఈ-వన్ బోర్డు, భయం లేదు" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, కొరిటెపాడు, గుంటూరు)

జవాబు: మాస్టారూ, ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది, ఇద్దరినీ ఇంకొంచెం అడగవలసి ఉన్నది. ప్లైవుడ్‌లో ఎం.ఆర్. అన్న ముద్ర ఉన్నది తేమకు కొంత ఓర్చే రకం. దీనిలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై, మరిగే నీటికి ఓర్చే బి.డబ్ల్యు.ఆర్. రకం ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురుతో చేసినవి. దీని పేరులోనూ ఫార్మాల్డిహైడ్ ఉన్నదని కంగారు పడకండి. ఈ జిగురులోని బంధాలు నీటికి తేలికగా విడిపోవు కనుక, ఇది వదిలే వాయువు మొదటిదానితో పోలిస్తే చాలా తక్కువ. కోసిన అంచున జిగురు గీత ముదురు ఎరుపు గోధుమ రంగులో కనిపిస్తే ఫినాల్ జిగురు కావచ్చు. అయితే రంగు కలిపి మోసగించే వీలు ఉన్నది కనుక పలక మీది ముద్ర, బిల్లు మీద రాసిన రకం రెండూ సరిపోల్చుకోండి. నోటిమాటగా "వాటర్‌ప్రూఫ్" అంటే ఏమీ చెప్పనట్టే. మేస్త్రి పైన పూసే తెల్ల జిగురు పాలీవినైల్ ఎసిటేట్ రకానిది, ఈ విషయంలో దానిని అనుమానించనక్కరలేదు.

ఈ-వన్ అనేది ఐరోపా దేశాల కొలమానం. పరీక్షించే పెట్టెలో గాలి ఘనపు మీటరుకు 0.124 మిల్లీగ్రాములు మించకూడదన్నది దాని నియమం. అది ఉన్న బోర్డు లేనిదానికంటే నిస్సందేహంగా మేలు. కాని ఆ పరీక్షను 23 డిగ్రీల ఉష్ణోగ్రతలో, 45 శాతం తేమలో, గంటకొకసారి గాలి పూర్తిగా మారే పెట్టెలో చేస్తారు. గుంటూరులో మే నెల మధ్యాహ్నం మూసి ఉన్న పడకగదికీ ఆ పెట్టెకూ పోలిక ఎక్కడ? కనుక ఈ-వన్ ముద్ర ఉన్నంత మాత్రాన గది నాలుగు గోడలూ బోర్డుతో కప్పేయవచ్చని అనుకోకండి. ఒక గదిలో ఎంత బోర్డు తగ్గితే అంత మంచిది. పడకగదిలో బట్టలకు ఇనుప బీరువా పెట్టుకుంటే అందులో పలక జిగురు సమస్యే లేదు; పాతకాలపు వస్తువని దానిని చిన్నచూపు చూడవలసిన పని లేదు.

ముహూర్తం గురించి నా విన్నపం ఒకటి ఉన్నది. శ్రావణంలో పాలు పొంగించదలిస్తే కబోర్డుల పని జ్యేష్ఠంలోనే పూర్తయ్యేలా చూసుకోండి. శూన్యమాసమని ఖాళీగా ఉండే ఆషాఢం నెలంతా కొత్త ఇంటిని తాళం వేసి ఉంచక, రోజూ ఎవరైనా వెళ్లి కిటికీలు, కబోర్డుల తలుపులు తెరిచి సాయంత్రం మూసివచ్చే ఏర్పాటు చేయండి. ఆ నెల రోజుల వేడి మీకు ఉపకారమే చేస్తుంది, ఎందుకంటే మీరు లేనప్పుడు బయటికి పోయిన వాయువు మీరు ఉన్నప్పుడు పీల్చవలసింది కాదు.

ప్రశ్న: గాలిని శుభ్రపరిచే మొక్కలు పెడితే ఈ వాయువు పోతుందని విన్నాను. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే మంచిదా? (ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మొక్కల మాట 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ చేయించిన ఒక ప్రయోగం నుంచి వచ్చింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెలలో జరిగింది. ఇళ్లలో లెక్కవేసి చూసినవారు 2019లో తేల్చినదేమిటంటే, కిటికీ గాలి చేసేపాటి పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు కనీసం పది, లేదా అంతకు ఎన్నో రెట్లు మొక్కలు కావాలి. మొక్కలు పెంచండి, మనసుకు హాయి. వాటిని నమ్మి కిటికీ మూయకండి. ప్యూరిఫయర్లలో ఉండే హెపా జాలీ దుమ్మును ఆపుతుంది గాని వాయువును ఆపలేదు. మందమైన బొగ్గు పొర ఉన్న యంత్రం కొంత పట్టుకుంటుంది, ఆ బొగ్గు నిండగానే మార్చాలి. ఓజోను వదిలే యంత్రాలను ఇంట్లోకి రానివ్వవద్దు; ఓజోను స్వయంగా ఊపిరితిత్తులకు చెరుపు.

ప్రశ్న: మా ఇంట్లో కొత్త కబోర్డులు ఏవీ లేవు. మాకు ఈ బెడద లేనట్టేనా? (కృష్ణలంక, విజయవాడ)

జవాబు: దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే ఫార్మాల్డిహైడ్ 51 సిగరెట్ల పొగలో ఉన్నంత కూడా ఉండవచ్చని 2003లో ప్రచురితమైన పరిశోధన ఒకటి కొలిచి చూపింది. కాలువ గట్టు దోమలతో మీరు పడే బాధ తెలియనిది కాదు, అయినా మూసిన గదిలో కాయిల్ పెట్టి పసిపిల్లలను పడుకోబెట్టే అలవాటు మాత్రం ఈ రాత్రితోనే మానండి, దోమతెర కట్టండి. అగరొత్తుల పొగ, కట్టెల పొయ్యి, సిగరెట్టు కూడా ఇదే వాయువును వదులుతాయి. ముడతలు పడని బట్టలకు వేసే పూతలోనూ ఇది ఉంటుంది కనుక కొత్త చొక్కాను, పసిపిల్లల బట్టలను ఒకసారి ఉతికి తొడగండి.

ప్రశ్న: నేను బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తున్నాను. జుట్టు తిన్నగా చేసే కెరటిన్ పని రోజుకు ఇద్దరు ముగ్గురికి చేస్తాను. ఇస్త్రీ పెట్టె లాంటి యంత్రంతో వేడి చేసేటప్పుడు పొగ వచ్చి కళ్లు, గొంతు మండుతాయి. సీసా మీద ఫార్మాల్డిహైడ్ లేదనే రాసి ఉంది. నాకు మూడవ నెల. (గుంటూరు)

జవాబు: తల్లీ, సీసా మీది మాటను నమ్మవద్దు. ఫార్మాల్డిహైడ్ నీటిలో కలిసినప్పుడు మిథిలీన్ గ్లైకాల్ అనే రూపంలో ఉంటుంది. ఆ పేరుతో రాసి అసలు పేరు దాచే అవకాశం ఉన్నది. వేడి తగలగానే అది మళ్లీ వాయువుగా మారుతుంది. ఇటువంటి సీసాల గురించి అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2011లో పార్లర్ల పనివారికి ప్రత్యేకంగా హెచ్చరిక జారీచేసింది. వచ్చినవారు రెండు మూడు గంటలు కూర్చుని వెళ్లిపోతారు. ఆ ఏసీ గదిలో రోజంతా, ఏడాదంతా ఉండేది మీరు. గుడ్డ మాస్కు, ఆసుపత్రి మాస్కు ఈ వాయువును ఆపవు.

గర్భం నిలిచిన ఈ నెలల్లో ఆ పని మీరు చేయకుండా ఉండటమే నా స్పష్టమైన సలహా. యజమానురాలితో దాపరికం లేకుండా మాట్లాడి, కత్తిరింపు, మెహందీ వంటి పనులకు మారండి. ఆ పని జరిగే సమయంలో గదిలో కూడా ఉండకండి. మిమ్మల్ని చూస్తున్న ప్రసూతి వైద్యురాలికి మీ పని గురించి తప్పక చెప్పండి. మీరు చెప్పకపోతే ఆమె అడగకపోవచ్చు. అవసరమైతే ఈ జవాబును మీ యజమానురాలికి చూపించండి. ఆమె పార్లర్‌లో బయటికి గాలి లాగే ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించినా, ఆ సీసానే మానుకున్నా, అక్కడ పనిచేసే మిగిలినవారికి కూడా కళ్ల మంట తప్పుతుంది.